తీర్పు రాని శిక్ష

మన జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్ష పడలేదు. అయినా అనుభవిస్తూనే ఉన్నారు. శిక్ష ఎందుకు వెయ్యాలి, ఎంత వెయ్యాలి, దానితో మనిషి మారతాడా అని లోకం రెండున్నర శతాబ్దాలుగా తర్కించుకుంటూ వచ్చింది. ఆ తర్కంలో ఒక్క వాదనా ఈ ముగ్గురికి సరిపోదు. ఈ కథనం వాళ్ల గురించి.

గోల్కొండ కోట చూడబోయినవాళ్లు రామదాసు బందీఖానా దగ్గర ఆగకుండా ముందుకు కదలరు. ఆ గది గోడకు చెక్కిన దేవుడి బొమ్మల్ని చూపించి, అవి ఆయన చేతి పనేనని గైడ్లు చెబుతారు. రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న పన్నెండేళ్లు అక్కడ మగ్గాడని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అయితే ఆయనకు పన్నెండేళ్ల శిక్ష ఎవరూ వెయ్యలేదు. భద్రాచలం గుడికి ఖర్చుపెట్టిన సర్కారు సొమ్ము కట్టేదాకా లోపల ఉంచారు. కథలో గోల్కొండ సుల్తాను తానీషాకు బాకీ ముట్టగానే తలుపు తెరుచుకుంది. ముట్టకపోతే ఆ పన్నెండూ పాతికయ్యేవి. లోపలికి వెళ్లిన రోజు తెలుసు గాని, బయటికి వచ్చే రోజు గోపన్నకే కాదు, కాపలావాళ్లకూ తెలియదు.

చరిత్రలో చాలాకాలం అన్నిచోట్లా జైలంటే ఇదే. అది శిక్ష కాదు, శిక్ష కోసమో బాకీ కోసమో మనిషిని ఆపి ఉంచే చోటు. దాన్నే శిక్షగా మార్చింది ఆధునిక కాలం. ఆ మార్పు ఎందుకు వచ్చిందో తెలిస్తే, ఇవాళ మన జైళ్లు మళ్లీ ఎక్కడికి వెళ్లి నిలబడ్డాయో అర్థమవుతుంది.

శరీరం మీద పడే దండన

చెరసాల ఉన్నది మనుషుల్ని పట్టి ఉంచడానికే గాని శిక్షించడానికి కాదని మూడో శతాబ్దపు రోమన్ న్యాయకోవిదుడు ఉల్పియన్ సూటిగా రాశాడు. శిక్షలు వేరే ఉండేవి. కొరడా, వాత, అంగచ్ఛేదం, జరిమానా, దేశ బహిష్కారం, ఉరి. అన్నీ శరీరం మీదో ఆస్తి మీదో పడేవి. విచారణ ముగిసేదాకా, లేదా ఉరికంబం సిద్ధమయ్యేదాకా మనిషి పారిపోకుండా ఉండాలి కాబట్టి గది కావలసివచ్చేది.

మన అర్థశాస్త్రంలోనూ బంధనాగారం ఉంది. రాజు జన్మనక్షత్రం నాడు, పున్నమి రోజుల్లో పిల్లల్నీ, ముసలివాళ్లనీ, రోగుల్నీ, దిక్కులేనివాళ్లనీ విడిచిపెట్టాలని కౌటిల్యుడు నియమం పెట్టాడు. ఖైదీల్ని హింసించే అధికారులకు జరిమానాలు చెప్పాడు. దండం మరీ కఠినమైతే జనం బెదిరిపోతారని, మరీ మెత్తనైతే లెక్కచెయ్యరని, తగినంతగా ఉంటేనే గౌరవిస్తారని హెచ్చరించాడు. రెండు వేల ఏళ్ల కింద ఆలోచించినవాడికే కొలత సంగతి తట్టింది. ఆ కొలతను చట్టంగా రాసి, రాజుకైనా దాటరానిదిగా చెయ్యడమే చాలా ఆలస్యమైంది.

ఆలస్యం ఎంతంటే, 1757లో కూడా పారిస్ నడిబొడ్డున, వేలమంది చూస్తుండగా, పదిహేనో లూయీ మీద కత్తి దూసిన దమియాన్ అనే మనిషిని గంటల తరబడి చిత్రవధ చేసి చంపారు. నాలుగు గుర్రాలు నాలుగు వైపులా లాగాయి. ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో జైలు పుట్టుక మీద 1975లో రాసిన పుస్తకాన్ని ఈ ఘట్టంతోనే మొదలుపెట్టాడు. రాజ్యం తన బలాన్ని అంత బాహాటంగా నేరస్తుడి ఒంటి మీద చూపించిన చివరి రోజులవి.

ఇద్దరు మనుషులు, రెండు ప్రశ్నలు

దమియాన్ చనిపోయిన ఏడేళ్లకు, 1764లో, ఇటలీలో ఇరవై ఆరేళ్ల చెజారె బెకారియా నేరాలూ శిక్షల గురించి ఓ చిన్న పుస్తకం రాశాడు. భయంతో తన పేరు కూడా వేసుకోలేదు. అతను అడిగిన ప్రశ్న ఒక్కటే: శిక్ష దేనికి? జరిగిన నేరాన్ని ఏ చిత్రహింసా వెనక్కి తిప్పలేదు. మళ్లీ జరక్కుండా చూడటానికే శిక్ష. అలాగైతే అందుకు అవసరమైనదాని కన్నా ఒక్క పిసరు ఎక్కువ వేసినా అది న్యాయం కాదు, దౌర్జన్యం. శిక్ష ఎంత కఠినమన్నది కాదు, తప్పకుండా పడుతుందా, వెంటనే పడుతుందా అన్నదే మనిషిని ఆపుతుంది. కఠినత్వం కన్నా తప్పకుండా పడటమే ముఖ్యమన్న మాటను ఇవాళ్టి నేరశాస్త్ర పరిశోధనలు కూడా మళ్లీ మళ్లీ బలపరుస్తున్నాయి.

అదే పుస్తకంలో అంతగా ఎవరూ గుర్తుపెట్టుకోని మాట ఇంకొకటి ఉంది. నేరం రుజువయ్యేదాకా మనిషిని ఆపి ఉంచడం కూడా బాధే కాబట్టి, అది వీలైనంత తక్కువ రోజులు, వీలైనంత మెత్తగా ఉండాలన్నాడు బెకారియా. ఈ కథనంలో మనం మళ్లీ ఈ మాట దగ్గరికే రావాలి.

రెండో మనిషి జాన్ హోవర్డ్. 1773లో ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్ జిల్లాకు షెరీఫ్ అయ్యాడు. ఆ పదవిలో ఉన్నవాళ్లు మామూలుగా జైలు గుమ్మం తొక్కరు. ఈయన తొక్కాడు. నిర్దోషులని కోర్టు తేల్చినవాళ్లు కూడా లోపలే ఉన్నారు. కారణం అడిగితే, జైలరుకు ఇవ్వాల్సిన ఫీజు కట్టలేదన్నారు. అప్పట్లో జైలరుకు జీతం ఉండేది కాదు, ఖైదీల దగ్గర వసూలు చేసుకున్నదే ఆదాయం. జైలరుకు జీతమివ్వండని హోవర్డ్ అడిగితే, ఇంకెక్కడైనా ఇస్తున్నారా చూపించమన్నారు మేజిస్ట్రేట్లు. చూపించడానికి పక్క జిల్లాలకు బయల్దేరిన హోవర్డ్ మిగతా జీవితమంతా యూరప్ జైళ్లు తిరుగుతూనే గడిపాడు. విడుదలైనవాళ్ల ఫీజుల్ని రద్దు చేస్తూ 1774లోనే చట్టం వచ్చింది. చూసినదంతా 1777లో పుస్తకంగా వేశాడు. 1790లో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖెర్సోన్‌లో జ్వరంతో చనిపోయాడు.

బెకారియా శిక్షకు కొలత అడిగాడు. హోవర్డ్ జైలుకు శుభ్రత, జీతం, తనిఖీ అడిగాడు. ఈ రెండూ కలిసిన చోట కొత్త శిక్ష పుట్టింది: కాలం. చెయ్యి నరకడంలో సగం, పావు ఉండవు. నెలలకూ ఏళ్లకూ ఉంటాయి. చిన్న తప్పుకు మూడు నెలలు, పెద్ద తప్పుకు ఏడేళ్లు. ధనికుడికీ పేదకూ ఒకే గడియారం. జైలు శిక్షలోని గొప్పతనమంతా తేదీలో ఉంది. ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ముందే చెప్పగలగడంలో ఉంది.

నాలుగు జవాబులు

అయితే ఆ కాలాన్ని ఎందుకు తీసుకుంటున్నట్టు? న్యాయశాస్త్రం చదివే పిల్లలు మొదటి ఏడాదిలోనే నాలుగు జవాబులు నేర్చుకుంటారు.

మొదటిది ప్రతీకారం, అంటే చేసినదానికి తగ్గ ఫలం. జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లో దీన్ని అంచుదాకా తీసుకెళ్లాడు. ఒక దీవిలో సమాజం రద్దయి అందరూ చెదిరిపోవాలని నిర్ణయించుకున్నా సరే, జైల్లో ఉన్న చివరి హంతకుణ్ణి ముందు ఉరితీసి మరీ వెళ్లాలన్నాడు. లాభం కోసం కాదు, న్యాయం కోసం. రెండోది భయం. బెకారియా, ఇంగ్లండు తత్వవేత్త బెంథామ్ చెప్పింది ఇది: ఒకడికి పడిన శిక్ష చూసి పదిమంది ఆగాలి. మూడోది అడ్డుకోవడం. లోపలున్న దొంగ బయట దొంగతనం చెయ్యలేడు. నాలుగోది సంస్కరణ: వెళ్లినవాడు వేరే మనిషిగా తిరిగిరావాలి.

నాలుగో జవాబును అందరికన్నా గట్టిగా నమ్మింది అమెరికాలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు. మనిషిని ఒంటరిగా వదిలితే తనలోకి తాను చూసుకుని పశ్చాత్తాపపడతాడనుకున్నారు. 1829లో ఫిలడెల్ఫియాలో తెరిచిన ఈస్టర్న్ స్టేట్ జైల్లో ఖైదీని గది నుంచి బయటికి తీస్తే ముఖానికి ముసుగు వేసేవాళ్లు. తోటి ఖైదీ ముఖం కూడా కనిపించకూడదు. 1842లో అక్కడికి వెళ్లిన నవలా రచయిత చార్లెస్ డికెన్స్, ఒంటికి తగిలే ఏ హింసకన్నా ఇది ఘోరమని రాశాడు. మంచి మనసుతో మొదలుపెట్టిన పని మనుషుల్ని పిచ్చివాళ్లను చేసింది. సంస్కరణ పేరు పెట్టుకున్నంత మాత్రాన శిక్ష మెత్తబడదని ఆ జైలు నేర్పిన పాఠం.

అదే కాలంలో బోస్టన్‌లో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే పనివాడు వేరే దారి చూపించాడు. 1841లో ఓ తాగుబోతును జైలుకు పంపబోతుంటే, నేను జామీను ఉంటానని కోర్టులో లేచాడు. మూడు వారాల తర్వాత ఆ మనిషిని తీసుకొచ్చి చూపిస్తే జడ్జికి నమ్మబుద్ధి కాలేదు. అంతలా మారాడు. నామమాత్రపు జరిమానాతో వదిలేశారు. అగస్టస్ బతికున్నంతకాలం వందలమందికి అలా హామీ ఉన్నాడు. ప్రపంచమంతా ఇవాళ ప్రొబేషన్ అని పిలుస్తున్న పద్ధతికి ఆయనే ఆద్యుడు. నేరస్తుల సంస్కరణలో అన్నిటికన్నా పనికొచ్చిన ఈ పద్ధతి జైలు గదిలో పుట్టలేదు, ఒక సామాన్యుడు కోర్టు హాల్లో పెట్టిన జామీను సంతకంలో పుట్టింది.

మన గడ్డ మీదికి వచ్చిన జైలు

మన దేశానికి ఈ కొత్త జైలు వచ్చేసరికి నాలుగు జవాబుల్లో రెండోదే మిగిలింది. 1835 డిసెంబరులో గవర్నర్ జనరల్ కౌన్సిల్లో న్యాయ సభ్యుడైన మెకాలే ఒక నివేదన రాశాడు. తాను తయారుచేస్తున్న శిక్షాస్మృతిలో జైలే ప్రధాన శిక్ష కాబోతోంది కాబట్టి, జైళ్లు ఆరోగ్యాన్ని చెడగొట్టకుండానే భయం పుట్టించేలా ఉండాలన్నాడు. ఆ మాట మీద వేసిన కమిటీ 1838లో నివేదిక ఇచ్చింది. ఖైదీలు రోడ్ల పనులకు బయటికి వెళ్లడం, అక్కడ బంధువులతో మాట్లాడుకోవడం కమిటీకి నచ్చలేదు. గోడల మధ్య విసుగు పుట్టించే పని చెయ్యాలంది. చదువు చెప్పించి మార్చాలన్న ఆలోచనను పక్కన పెట్టింది. ఎవరి వంట వారు చేసుకునే పద్ధతి పోయి ఉమ్మడి వంట వచ్చినప్పుడు కులం పోతుందన్న భయంతో జైళ్లలో తిరుగుబాట్లు లేచాయి. 1855లో బీహారులో చెంబులు లాక్కున్నందుకు కూడా లేచాయి.

ఆ తర్వాత వచ్చిన 1894 నాటి జైళ్ల చట్టం నూరేళ్లు దాటినా దేశంలో జైళ్లకు ఆధారంగా నిలిచింది. రాజమండ్రి సెంట్రల్ జైలు, చంచల్‌గూడ లాంటి మన పాత జైళ్లు ఆ కాలపు ఆలోచనలోంచి వచ్చినవే. ఎత్తయిన ప్రహరీ, మధ్యలో కాపలా, చుట్టూ బ్యారకులు. ఇంకోవైపు 1871లో వచ్చిన నేరస్త తెగల చట్టం విచారణ, తీర్పు అనే తంతే లేకుండా పుట్టుకనే నేరం చేసింది. మద్రాసు రాష్ట్రంలో ఎరుకలవాళ్లను కంచెల మధ్య సెటిల్‌మెంట్లలో పెట్టి, రాత్రుళ్లు హాజరు వేశారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా ఏర్పడిందే. 1952లో ఆ చట్టం రద్దయినా దాని నీడ జైలు మాన్యువళ్లలో మిగిలే ఉందని, దాన్ని తుడిచెయ్యాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది.

సంస్కరణ అన్న మాటను మన జైళ్ల విధానంలోకి తెచ్చింది 1919-20 నాటి జైళ్ల కమిటీ. అధ్యక్షుడు మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన సర్ అలెగ్జాండర్ కార్డ్యూ. ఆ మాట నేల మీదికి దిగింది మాత్రం స్వాతంత్ర్యం తర్వాతే. 1950ల్లో హైదరాబాద్ మౌలాలిలో, 1960ల్లో అనంతపురంలో ఖైదీల వ్యవసాయ క్షేత్రాలు, అంటే ఓపెన్ జైళ్లు, మొదలయ్యాయి. అక్కడ గోడ ఎత్తు మీద కాదు, మనిషి మాట మీద నమ్మకం. దేశమంతటికీ ప్రొబేషన్ చట్టం 1958లో వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన రెండు కేసులు ఈ దారిలో మైలురాళ్లు. మొదటిది 1974 నాటిది. విశాఖపట్నం సెంట్రల్ జైలు గోడ మీద కరెంటు తీగ బిగించారని, చుట్టూ సాయుధ పోలీసుల్ని పెట్టారని నక్సలైటు ఖైదీలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఖైదీలు ఓడిపోయారు. కానీ ఓడిస్తూనే కోర్టు ఒక సూత్రం చెప్పింది: శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవు. రెండోది 1977లో. ఉద్యోగాలిప్పిస్తానని డబ్బు తీసుకుని మోసం చేసిన ఓ యువకుడి కేసు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ శిక్షను 18 నెలలకు తగ్గించి, జైల్లో అతని బుర్రకు తగ్గ పని ఇవ్వాలని, దానికి కూలీ ఇవ్వాలని, కుటుంబాన్ని కలవనివ్వాలని ఆదేశించారు. శిక్ష వేసి పంపడంతో జడ్జి పని అయిపోదని, లోపల ఆ మనిషి ఏమవుతున్నాడో చూడటం కూడా న్యాయంలో భాగమేనని ఆ తీర్పు సారం. కృష్ణయ్యర్ 1948లో నెలరోజులు జైల్లో ఉన్న మనిషి. ఆ తర్వాత కేరళలో జైళ్ల శాఖ చూసిన మంత్రి. ఆయన తీర్పుల్లో జైలు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు.

శిక్ష పడినవాడి అదృష్టం

ఇంతా చేసి ఇవాళ మన జైళ్లలో ఉన్నదెవరు? జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది. ఉండాల్సినవాళ్లు 4,36,266 మంది. ఉన్నవాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే 75.8 శాతం. జైళ్ల సామర్థ్యం దాదాపు మొత్తం శిక్ష పడనివాళ్లతోనే నిండిపోయిందన్నమాట. వీళ్లలో 11 వేల మందికి పైగా అప్పటికే ఐదేళ్లు దాటి ఎదురుచూస్తున్నారు. మూడింట రెండు వంతుల మంది ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాలవాళ్లు. అంతే వంతు పదో తరగతి దాకా రానివాళ్లు.

శిక్ష పడిన ఖైదీకి ఒక హిస్టరీ టికెట్ ఉంటుంది. దాని మీద అతని నేరం, శిక్ష, విడుదల తేదీ రాసి ఉంటాయి. పొద్దున లెక్కింపయ్యాక మగ్గం మీదికో, వడ్రంగం షెడ్డుకో, బేకరీకో వెళతాడు. కూలీ అతని ఖాతాలో పడుతుంది. నడవడి బాగుంటే రెమిషన్ రోజులు కలిసి విడుదల తేదీ ముందుకు జరుగుతుంది. పెరోల్ మీద ఊరికి వెళ్లి కూతురి పెళ్లి చూసి రావచ్చు. కొన్నేళ్లు గడిచాక ఓపెన్ జైలుకు అర్హుడవుతాడు. చంచల్‌గూడ దగ్గర జైళ్ల శాఖ పెట్రోలు బంకులో బండి ఆపినవాళ్లకు పెట్రోలు కొట్టింది అలాంటి మనిషే అయి ఉండవచ్చు. ఇవన్నీ ఉండాల్సినవే, ఇంకా పెరగాల్సినవే.

పక్క బ్యారక్‌లోని విచారణ ఖైదీకి ఇందులో ఏదీ లేదు. అతను నిర్దోషి అని చట్టం అనుకుంటోంది కాబట్టి పని చెయ్యమని బలవంతం లేదు. పని లేకపోతే కూలీ లేదు. శిక్షే లేదు కాబట్టి రెమిషన్ లేదు, పెరోల్ లేదు, ఓపెన్ జైలు లేదు. అతనికి ఉన్న తేదీ ఒక్కటే, వాయిదా. ఆ రోజున ఎస్కార్టు దొరికితే కోర్టు, లేకపోతే వీడియో తెర ముందు రెండు నిమిషాలు, మళ్లీ ఇంకో వాయిదా. అతనికి ఓటు కూడా లేదు. బెయిల్ మీద బయట ఉన్నవాడు ఎన్నికల్లో ఓటెయ్యవచ్చు. అదే కేసులో అదే ఆరోపణ మీద బెయిల్ దొరకనివాడు వెయ్యలేడు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టే నిబంధన ఇంకొకటి ఉంది. విచారణలో లోపల గడిపిన రోజుల్ని తర్వాత పడే శిక్షలోంచి మినహాయిస్తారు. మంచిదే. కానీ శిక్ష పడితేనే ఆ మినహాయింపు. దోషి అని తేలినవాడి ఎదురుచూపుకు లెక్క ఉంది. నిర్దోషి అని తేలినవాడి ఎదురుచూపుకు ఏ ఖాతాలోనూ జమ లేదు. నాలుగేళ్ల తర్వాత కేసు కొట్టేస్తే ఆ మనిషి చేతిలో పెట్టేది విడుదల కాగితం ఒక్కటే. పోయిన ఏళ్లకు పరిహారం ఇవ్వాలని చెప్పే చట్టం మనకు లేదు.

బెయిల్ వచ్చాక కూడా

బెయిల్ వచ్చినా చాలామంది బయటికి రాలేరు. ఆర్డరులో ఇద్దరు ష్యూరిటీలు ఉండాలని రాస్తారు. ష్యూరిటీ అంటే ఆస్తి ఉన్న మనిషి. అతను ఇంటిపన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో, ఆస్తి విలువ చెప్పే ధ్రువపత్రమో తేవాలి. ఆధార్ కాగితాలతో కోర్టుకు రావాలి, ఒక పూట కూలీ వదులుకోవాలి. కాగితాల పరిశీలన ఆ రోజు పూర్తి కాకపోతే మళ్లీ రావాలి. ఊళ్లో అందరిదీ పూరిల్లే అయితే ష్యూరిటీ ఎక్కడి నుంచి వస్తాడు? వలస వచ్చి పట్టుబడినవాడి కోసం ఏ రైతు పాసుపుస్తకం పట్టుకుని పరాయి రాష్ట్రం వెళతాడు?

1978లో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఓ తాపీ మేస్త్రికి బెయిల్ ఇమ్మని పై కోర్టు చెప్పినా, మేజిస్ట్రేటు పదివేల రూపాయల ష్యూరిటీ అడిగాడు. అన్న వచ్చి నిలబడితే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. కృష్ణయ్యర్ మండిపడ్డారు. మలయాళీనో తెలుగువాణ్ణో ఢిల్లీ చాందినీ చౌక్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో పట్టుకుంటే, అక్కడ ఆస్తి ఉన్న ష్యూరిటీని ఎక్కడ తెస్తాడని అడిగారు. మేస్త్రిని వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. మరుసటి ఏడాది బీహారు జైళ్ల గురించి వచ్చిన హుస్సేనారా ఖాతూన్ కేసులో ఇంకా ఘోరం బయటపడింది. చేశారంటున్న నేరానికి గరిష్ఠంగా పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణలోనే మగ్గినవాళ్లున్నారు. సత్వర విచారణ జీవించే హక్కులో భాగమని జస్టిస్ భగవతి తేల్చారు. వేలమంది బయటికి వచ్చారు.

బెడ్‌ఫర్డ్‌షైర్‌లో హోవర్డ్ చూసిన మనిషి ఫీజు కట్టలేక లోపల ఉండిపోయాడు. మన మనిషి ష్యూరిటీ దొరక్క లోపల ఉండిపోతున్నాడు. మధ్యలో గడిచింది రెండున్నర శతాబ్దాలు.

బాక్సు: బెయిల్ వచ్చినా విడుదల కాకపోతే

గతంలో ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లు, ఇప్పటి కేసులోని నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపితే బెయిల్‌కు అర్హులు. ఇతరులకు సగం. ఉరి, యావజ్జీవం పడే నేరాలకూ, వేరే కేసులు కూడా ఉన్నవాళ్లకూ ఇది వర్తించదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ఇది. కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే.

బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోగా ష్యూరిటీ ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతుల్ని సడలించే సంగతి పరిశీలించవచ్చు. స్థానిక ష్యూరిటీయే కావాలని పట్టుబట్టకూడదు. ఇవి 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన సూచనలు.

పేద విచారణ ఖైదీలకు బెయిల్ కోసం 40,000 రూపాయల దాకా, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీలకు 25,000 దాకా సాయం చేసే కేంద్ర పథకం 2023లో మొదలైంది. కొన్ని తీవ్ర నేరాలకు ఇది వర్తించదు. ఉచిత న్యాయసాయానికి ఫోన్ నంబరు 15100.

నాలుగు జవాబుల ముందు నిలబెడితే

ఇప్పుడు ఆ నాలుగు జవాబుల్నీ మళ్లీ తీసి, విచారణ ఖైదీని వాటి ముందు నిలబెడదాం. ప్రతీకారమా? నేరమే రుజువు కాలేదు. శిక్ష విషయంలో అంత కఠినంగా మాట్లాడిన కాంట్ కూడా, నేరం తేలకుండా ఒక మనిషిని ఇంకేదో ప్రయోజనానికి వాడుకోవడాన్ని ఒప్పుకోడు. భయమా? ఏళ్ల తరబడి తీర్పు రాని చోట నేరస్తుడికి భయం ఉండదు, పట్టుబడ్డ పేదవాడికే ఉంటుంది. శిక్ష తప్పకుండా, వెంటనే పడాలన్న బెకారియా మాటలో రెండు భాగాలూ ఇక్కడ ఓడిపోయాయి. సంస్కరణా? పని, ఓపెన్ జైలు, దాదాపు అన్నీ శిక్ష పడ్డాకే. జైళ్ల శాఖ పేరులో సంస్కరణ సేవలు అని చేర్చుకున్నాం. ఆ సేవలు అందే వరసలోకి నలుగురిలో ముగ్గుర్ని రానివ్వలేదు.

మిగిలింది మూడో జవాబు, అడ్డుకోవడం. దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. సాక్షిని బెదిరించేవాడున్నాడు, పారిపోయేవాడున్నాడు, బయటికొస్తే మళ్లీ అదే ఇంటి మీద పడేవాడున్నాడు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లికి, నిందితుడు బెయిల్ మీద వీధిలో ఎదురైతే కలిగే బాధ అబద్ధం కాదు. అలాంటివాళ్లను లోపల ఉంచాల్సిందే. కానీ అందుకు జడ్జి ఆ మనిషిని చూసి, ప్రమాదం ఏమిటో చెప్పి, కారణం రాసి ఉంచాలి. సెల్‌ఫోను దొంగతనంలో పట్టుబడ్డ కుర్రాణ్ణీ హత్య కేసులో నిందితుణ్ణీ ఒకే పద్ధతిలో వాయిదాల మీద నడిపిస్తే అది ప్రమాదాన్ని అడ్డుకోవడం కాదు, ఎవరికి ఆస్తి ఉందో ఎవరికి లేదో ఏరడం. పైగా ఆ తల్లికి కావాల్సింది తీర్పు. విచారణ నత్తనడక నడిస్తే సాక్షులు మరిచిపోతారు, ఊళ్లు మారతారు, రాజీ పడతారు. చివరికి కేసు కొట్టేస్తారు. ఆలస్యం వల్ల నిందితుడు ఎంత నష్టపోతాడో బాధితురాలూ అంతే నష్టపోతుంది.

తేదీ అడగాలి

మార్గాలు తెలియక ఆగిపోయిన సమస్య కాదిది. మూడో వంతు నిబంధన చట్టంలో ఉంది. చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా వెయ్యవచ్చని కొత్త భారతీయ న్యాయ సంహిత తొలిసారి ఒప్పుకుంది. 5,000 రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొత్తు తిరిగి ఇచ్చినవాడు ఇక జైలుకే వెళ్లనక్కర్లేదు. ప్రొబేషన్ చట్టానికి అరవై ఏళ్లు దాటాయి. 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవాన, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ముందు రాష్ట్రపతి ద్రౌపది ముర్ము జైళ్లలో మగ్గుతున్న పేదల గురించి పక్కన పెట్టిన కాగితం వైపు చూడకుండా మనసులోంచి మాట్లాడారు. చట్టం, తీర్పు, పథకం, రాష్ట్రపతి మాట అన్నీ ఒకే వైపు ఉన్నాయి. లేనిది ప్రతి జైలు గేటు దగ్గరా ప్రతి నెలా కూర్చుని, ఈ మనిషి లోపలికి వచ్చి ఎన్ని రోజులైంది, ఏ సెక్షన్, మూడో వంతు దాటిందా, బెయిల్ వచ్చి ఎందుకు ఆగింది అని లెక్కచూసే అలవాటు. విచారణ ఖైదీల కేసులు చూడటానికి జిల్లాకో కమిటీ ఉంది. కాగితం మీద కూర్చునే కమిటీ కాకుండా పేరు పేరునా అడిగే కమిటీ కావాలి.

నేరం చేసినవాణ్ణి శిక్షించవద్దని నేను అనడం లేదు. శిక్షించండి, త్వరగా శిక్షించండి, చట్టం చెప్పినంతే శిక్షించండి, ఆ తర్వాత మార్చే ప్రయత్నం చెయ్యండి. నా అభ్యంతరం తీర్పు లేని శిక్ష మీద. వచ్చే ఎన్నికల్లో మీ ఇంటి ముందుకు ఓటు అడగడానికి వచ్చేవాణ్ణి ఒక ప్రశ్న అడగండి. మన జిల్లా జైల్లో ఎంతమందికి శిక్ష పడలేదు, వాళ్లలో ఎంతమంది బెయిల్ వచ్చి కూడా ష్యూరిటీ లేక ఆగిపోయారు? జవాబు తెలియదంటే తెలుసుకుని రమ్మనండి. ఆ ముగ్గురూ ఓటెయ్యలేరు. వాళ్ల తరఫున ఈ ప్రశ్న అడగాల్సింది బయట ఉన్న మనమే.